తల దించుకున్న ఎలుగు

ఎలుగుబంటి బొమ్మ వెయ్యమని ఎవరినైనా అడిగి చూడండి. బళ్లో పిల్లవాడైనా, చెయ్యి తిరిగిన చిత్రకారుడైనా దాదాపు ఒకే బొమ్మ వేస్తారు. వెనక కాళ్లమీద లేచి, ముంగాళ్లు చేతుల్లా పైకెత్తి, నోరు తెరిచి, గుండెలమీద తెల్లటి గుర్తుతో మనకేసి చూస్తున్న జంతువు. నిజానికి ఛత్తీస్‌గఢ్ అడవుల్లో తిరిగే ఎలుగు అలా నిలబడే సమయం బహు తక్కువ. మెలకువగా ఉన్నంతసేపూ దాని తల నేలమీదే ఉంటుంది. వాసన పడుతుంది, తవ్వుతుంది, పీలుస్తుంది, రాలిన పళ్లు ఏరుకుంటుంది, కూనల్ని వీపుమీద ఎక్కించుకుని ఒక పుట్ట నుంచి ఇంకో పుట్టకి నడుస్తుంది. దాని కళ్లు అంత చురుకైనవి కావు, లోకమంతా ముక్కుతోనే తెలుసుకుంటుంది. అలాంటి జంతువుని ఎప్పుడూ తలెత్తి అరుస్తున్నట్టే గీస్తూ వచ్చామంటే, మనం గీస్తున్నది ఎలుగుని కాదు, దాన్ని చూసినప్పటి మన భయాన్ని. వన్యప్రాణులను చిత్రించడం ఒక వృత్తిగా, సాధనగా పెట్టుకున్నవాళ్ల గురించి ఈ వారం నా వాదన ఇది: ఎలుగుని తల దించుకున్న జంతువుగా గీయడం నేర్చుకోవాలి, ఆ విద్య ఎదురుపడితే వచ్చేది కాదు. ఎదురుపడిన ఎలుగు అప్పటికే మనిషిని చూసి మారిపోయిన ఎలుగు.

ఆ నిలువెత్తు బొమ్మ మన కళ్లలోకి ఎలా వచ్చిందో ముందు చూద్దాం. తెలుగువాళ్లకు మొదట పరిచయమయ్యే ఎలుగు జాంబవంతుడు. ఏటా వినాయక చవితినాడు అక్షతలు చేతిలో పట్టుకుని వినే కథలో, శమంతకమణి వెతుక్కుంటూ గుహలోకి వచ్చిన కృష్ణుడితో ఇరవై ఎనిమిది రోజులు పోరాడిన వృద్ధ భల్లూకం. క్యాలెండర్ బొమ్మల్లో ఆయనకి కిరీటం, హారాలు, పంచె ఉంటాయి. మనిషి ఒంటికి ఎలుగు తల అతికించిన రూపం అది. దానిలో గౌరవం ఉంది, దాన్ని తప్పుపట్టను. రెండో ఎలుగు ముక్కుతాడుతో వీధిలోకి వచ్చినది. ఆడించేవాడు కర్ర ఎత్తితే అది లేచి నిలబడేది. జడుసుకున్న పిల్లల్ని దాని వీపుమీద కూర్చోబెట్టేవారు, దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి మెడలో కట్టేవారు. పల్లెల్లో ఒక తరం మొత్తం ఎలుగుని చూసింది అలాగే. ఆ తాడు దూర్చడానికి కూనగా ఉన్నప్పుడే మూతిని కాల్చిన ఇనుముతో పొడుస్తారని, తాడు లాగితే కలిగే నొప్పికే అది ముంగాళ్లెత్తి లేస్తుందని చూసేవాళ్లకు తెలిసేది కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా ఈ ఆట ఏళ్ల తరబడి నడిచింది. ఆడించే కలందర్ కుటుంబాలకు వేరే బతుకుతెరువు చూపిస్తూ, ఎలుగుల్ని ఆశ్రయ కేంద్రాలకు చేరుస్తూ రాగా 2009 నాటికి వీధుల్లో ఆట ఆగింది. వీధిలో ఆగినా బొమ్మల్లో ఆగలేదు. పుస్తకం అట్టమీద, పార్కులో సిమెంటు విగ్రహంలో, పిల్లల బొమ్మల్లో ఆ తాడు లాగిన భంగిమే ఉంది, తాడొక్కటే తీసేశారు.

ఇప్పుడు అసలు ఎలుగు శరీరం దగ్గరకి వద్దాం. దీని పైదవడలో ముందు పళ్లు మధ్యన రెండు ఉండవు. గోళ్లు పొడుగ్గా, వంపు తిరిగి, దంతం రంగులో ఉంటాయి. 1791లో జార్జ్ షా అనే ఇంగ్లండు ప్రకృతి శాస్త్రవేత్త ఈ గోళ్లూ పళ్లూ చూసి, దక్షిణ అమెరికాలో చెట్లకు వేలాడే స్లాత్ జాతిలో దీన్ని కలిపేశాడు. తర్వాతివాళ్లు అది ఎలుగేనని సరిదిద్దారు. జంతువు శరీరం చేతికందినా, కొలతలు తీసుకున్నా, అది ఏ జంతువో కూడా తెలియకుండా పోవచ్చని ఈ ఉదంతం చెబుతుంది. అదే శరీరాన్ని చెదపుట్ట దగ్గర పెట్టి చూడండి. ముందు గోళ్లతో పుట్టను గీరి బొరియ చేస్తుంది. మూతి అందులో దూర్చి గట్టిగా ఊది మట్టిని ఎగరగొడుతుంది. తర్వాత ముక్కుపుటాలు మూసుకుని, పొడవాటి పెదవుల్ని గొట్టంలా ముందుకు చాపి, పురుగుల్ని జుర్రుకుంటుంది. ఆ జుర్రుడు చప్పుడు వంద మీటర్లు దాటి వినిపిస్తుంది. పైపళ్ల మధ్య ఖాళీ పురుగులు లోపలికి పోయే దారి. ముక్కుపుటాలు మూసుకోవడం దుమ్ము లోపలికి పోకుండా. మూతిమీద వెంట్రుకలు పొట్టిగా, పల్చగా ఉండడమూ అందుకే కావచ్చు. షా చేతిలో చిక్కుముడిగా మిగిలిన ప్రతి అవయవమూ ఇక్కడ విడిపోతుంది. చిత్రకారుడికి ఇంకో సంగతి కూడా ఇక్కడే తెలుస్తుంది. మనవాళ్లు ప్రతి బొమ్మలోనూ మొదట వేసే గుండెమీది తెల్లటి గుర్తు, ఎలుగు తల దించి తింటున్నప్పుడు అసలు కనపడదు. అది కనపడాలంటే జంతువు లేచి మనవైపు తిరగాలి. ఎలుగుని గుర్తుపట్టడానికి మనం పెట్టుకున్న ఆనవాలే, అది ఎక్కువగా బెదిరినప్పుడు మనకి చూపించే ఆనవాలు.

ఈ వృత్తిలో పేరుపొందినవాళ్లు కూడా దగ్గరితనాన్నే నమ్ముకున్నారు. కార్ల్ రుంగియస్ అనే చిత్రకారుడు 1869లో బెర్లిన్ దగ్గర పుట్టి, యవ్వనంలో అమెరికా వెళ్లి, వయోమింగ్ కొండల్లోనూ, 1904లో యూకాన్‌లోనూ, ఆ తర్వాత దశాబ్దాల పాటు కెనడాలోని బాన్ఫ్ పర్వతాల్లోనూ తిరిగాడు. గ్రిజ్లీ ఎలుగుల్ని, దుప్పుల్ని, కొండగొర్రెల్ని ఆయనంత బాగా వేసినవాళ్లు అరుదు. ఆయన వేటగాడు కూడా. జంతువుని కాల్చి, పడిపోయిన కళేబరాన్ని తాళ్లతో కర్రలతో కట్టి, బతికున్నట్టు నిలబెట్టి, దాన్ని చూసి గీసుకునేవాడు. ఆ రోజుల్లో అది వింత కాదు, కెమెరాలు అంత పనికొచ్చేవీ కావు. ఆ పద్ధతివల్ల కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆయనకి క్షుణ్ణంగా తెలిసింది. కానీ ఆయన చిత్రాల్లో ఇవాళ్టికీ ఊపిరి ఆడుతున్నవి, కొండవాలు మీద వెలుగు ఎలా పడుతుందో ఏళ్ల తరబడి ఆరుబయట చిన్న చిన్న తైలవర్ణ స్కెచ్‌లు వేసుకుని నేర్చుకున్నాక వేసినవేనని నా అభిప్రాయం. తుపాకీ నేర్పింది ఎముకలూ కండరాలూ. జంతువుకీ దాని చోటుకీ ఉన్న చుట్టరికం నేర్పింది మాత్రం, వేసవి తర్వాత వేసవి అదే కొండల మధ్య గడిపిన కాలం.

ఛత్తీస్‌గఢ్‌లోని మన భిలాయ్‌కి ఉక్కు కర్మాగారం కట్టడంలో చేయందించిన రష్యాలో అందరికీ తెలిసిన ఎలుగుబంటి చిత్రం ఒకటుంది. 1889లో ఇవాన్ షిష్కిన్ వేసిన పైన్ అడవి ఉదయం. అందులో ఎలుగుల్ని వేసింది ఆయన స్నేహితుడు కాన్‌స్టాంటిన్ సవిత్‌స్కీ. చిత్రం కొన్న త్రెత్యకోవ్ రెండో సంతకాన్ని చెరిపించేశాడు కనుక పేరు షిష్కిన్ ఒక్కడిదే మిగిలింది. ఆ అన్యాయం సంగతి అలా ఉంచి బొమ్మని చూడండి. విరిగిపడిన పైన్ చెట్టు, తల్లి, మూడు కూనలు. ఒక కూన మానుమీద రెండు కాళ్లమీద నిలబడే ఉంది. కానీ చూస్తున్నది మనవైపు కాదు, పొగమంచువైపు. అక్కడ ఏముందోనని. కాళ్లమీద లేవడం ఎలుగు చేసే పనే, దాన్ని ఎవరూ కాదనరు. వాసన పట్టడానికి లేస్తుంది, పండు అందుకోవడానికి లేస్తుంది. ఆ లేవడానికి కారణం చిత్రంలో ఉందా, లేక కారణం చూసేవాడేనా అన్నదే తేడా. సవిత్‌స్కీ ఎలుగులకు మనం అక్కడ ఉన్నట్టు తెలియదు. నూట ముప్పై ఏళ్లు దాటినా ఆ చిత్రం పాతబడకపోవడానికి సగం కారణం అదేననిపిస్తుంది.

నా వాదనకి చిత్రకారులు చెప్పే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. దగ్గర్నుంచి చూడకపోతే భుజం ఎలా కదులుతుందో, పాదం ఎలా పడుతుందో ఎలా తెలుస్తుంది? దూరంగా కూర్చుని ఊహించి వేస్తే అది ఇంకో క్యాలెండర్ బొమ్మే అవుతుంది కదా? దీనికి జవాబు మన భిలాయ్‌కి గంటన్నర ప్రయాణం దూరంలోనే ఉంది. నవా రాయ్‌పూర్‌లో 2016లో తెరిచిన నందన్‌వన్ జంగిల్ సఫారీలో ఎలుగుల కోసం ప్రత్యేకంగా ఆవరణ ఉంది. స్కెచ్ పుస్తకం పట్టుకుని అక్కడికి ఎన్నిసార్లయినా వెళ్లొచ్చు. నడకలో పాదాలు లోపలికి తిరగడం, మెడ చుట్టూ జూలు ఊగడం, కూర్చున్నప్పుడు వెన్ను గుండ్రంగా వంగడం అక్కడ చేతికి అలవాటవుతాయి. భిలాయ్‌లోని మన కోహ్కా పిల్లలు మైత్రీబాగ్ జూలో తెల్లపులిని చూసి బొమ్మలేసుకోవడం ఎంత మంచిదో ఇదీ అంతే మంచిది. జూ నేర్పేది శరీరాన్ని. దాన్ని అడవి బొమ్మలోకి తెచ్చి, ఇదే ఎలుగు బతుకు అన్నప్పుడే తప్పు మొదలవుతుంది.

ఇంతకన్నా ఆకర్షించే దారి ఇంకొకటుంది. మహాసముంద్ జిల్లా బాగ్‌బాహరా దగ్గర ఘుంచాపాలీ కొండమీద చండీమాత గుడికి అడవిలోంచి ఎలుగులు వస్తాయి. భక్తులిచ్చే కొబ్బరి, ప్రసాదం తిని వెళ్తాయి. చూసినవాళ్లకు అది అమ్మవారి మహిమగా తోస్తే ఆ భక్తిని నేను తక్కువ చెయ్యను. ఎలుగుకీ మనిషికీ మధ్య భయం లేని క్షణం ఒకటి ఉండగలదని అక్కడ కనపడుతుంది, అది చిన్న విషయమేమీ కాదు. కానీ చిత్రకారుడి కంటితో చూస్తే ఆ గుడి మెట్లమీద కనిపించేది మూతి పైకెత్తి మనిషి చేతిని వెతుకుతున్న ఎలుగు. చేతిలోని కొబ్బరిచిప్ప తీసేస్తే ఆ భంగిమ నిలవదు. చుట్టూ ఫోన్లు పట్టుకున్న జనాన్ని చెరిపేసి, వెనక అడవి కలిపి, వన్యప్రాణి చిత్రం అని పేరు పెడితే అది అబద్ధమే. వెయ్యాలనుకుంటే గుడిని, జనాన్ని, చేతులని కలిపి వెయ్యాలి. అది గొప్ప చిత్రం కాగలదు కూడా, ఎందుకంటే అప్పుడది నిజం చెబుతుంది. మనిషి చేతి తిండికి అలవాటుపడిన అడవి జంతువుకి చివరికి జరిగేది ఏమిటో అందరికీ తెలుసు. దాన్నొక ముచ్చటగా మాత్రమే చూపిస్తే ఆ అలవాటుకి మనం చెయ్యి కలిపినవాళ్లమవుతాం.

రెండో అభ్యంతరం కళవైపు నుంచి వస్తుంది. చిత్రకారుడు శాస్త్రజ్ఞుడు కాడు, కళకి ఊహే ప్రాణం, గోండు చిత్రాల్లో శరీర నిర్మాణం ఎక్కడుంది, వాటిని ఎవరు కాదన్నారు అని అడుగుతారు. ఈ ప్రశ్నకే నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే జవాబు మన పొరుగునే ఉంది. మైకల్ కొండల అవతల దిండోరి జిల్లా పాటన్‌గఢ్‌లో పుట్టిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పర్ధాన్ గోండు. పర్ధానులు బానా వాయిద్యం మీద వంశగాథలు, దేవతల కథలు పాడే కులం. 1980ల మొదట్లో చిత్రకారుడు జె. స్వామినాథన్ భోపాల్‌లోని కళాకేంద్రం భారత్ భవన్ కోసం పంపిన బృందం ఆ ఊళ్లో గోడమీద ఆయన బొమ్మ చూసి భోపాల్ తీసుకొచ్చింది. అక్కడ కాగితంమీద, కాన్వాసుమీద, శాసనసభ భవనం గోడలమీద ఆయన అడవిని నింపాడు. 1989లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనకి ఆయన చిత్రాలు వెళ్లాయి. 2001లో, ఇంకా ఎంతో వెయ్యవలసిన వయసులో, జపాన్‌లోని ఒక మ్యూజియంలో పనిచేస్తుండగా చనిపోయాడు. ఆయన తర్వాత ఆ ఊరి నుంచి వచ్చిన భజ్జూ శ్యామ్‌కి 2018లో పద్మశ్రీ వచ్చింది. వీళ్ల బొమ్మల్లో జింక కొమ్ములు చెట్టు కొమ్మలవుతాయి, జంతువు ఒళ్లంతా చుక్కలు, గీతలు దువ్వెన పళ్లలా సాగుతాయి. శరీర నిర్మాణం లేదన్నమాట నిజమే. మరి ఎందుకు నమ్ముతాం? ఏ జంతువు ఏ చెట్టు కింద ఉంటుందో, ఏది దేన్ని తింటుందో, ఏది ఎవరి కథలోదో ఆ చేతికి తెలుసు కనుక. భోపాల్ నగరంలో కూర్చుని జన్‌గఢ్ వేసిన అడవి ఎదురుగా నిలబెట్టుకుని చూసి వేసింది కాదు, పుట్టి పెరిగిన కాలమంతా ఒంట్లో ఇంకిపోయింది. కనుక ఊహకీ నిజానికీ పోటీ లేదు. ఊహకి ఎంతకాలపు పరిచయం ఆధారంగా ఉందన్నదే ప్రశ్న. మెడలో కెమెరా వేలాడేసుకుని రెండు రోజులు తిరిగి వచ్చి వేసిన అచ్చుగుద్దినట్టున్న ఎలుగుకన్నా ఈ చుక్కల జంతువులే నాకు ఎక్కువ నిజం.

మూడో అభ్యంతరం బరువైనది. ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లి ముఖం పోగొట్టుకున్న మనిషికి తల దించుకున్న ఎలుగు గురించి చెబుతారా? ఆయనకి లేచి నిలబడి అరిచిన ఎలుగే నిజం కదా? అవును, నిజమే. భిలాయ్ కూడా అప్పట్లో భాగమైన ఉమ్మడి మధ్యప్రదేశ్‌లో 1989 ఏప్రిల్ నుంచి 1994 మార్చి వరకు 735 మంది ఎలుగుల బారిన పడ్డారని, వారిలో 48 మంది చనిపోయారని నమోదైంది. మర్వాహీ ప్రాంతం ఉన్న ఉత్తర బిలాస్‌పూర్ అటవీ విభాగంలోనే 1998 ఏప్రిల్ నుంచి 2000 డిసెంబరు దాకా 137 దాడుల్ని పరిశోధకులు నమోదు చేశారు. దెబ్బలు తరచు తలకీ ముఖానికీ తగులుతాయి. మన శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటలు, పనసచెట్ల మధ్య బతికేవాళ్లకి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. 2022 జూన్‌లో కిడిసింగి దగ్గర ఒక రైతు ప్రాణం పోయింది, మరికొందరు గాయపడ్డారు. మత్తిచ్చి పట్టుకున్న ఎలుగు విశాఖ జూకి చేరకుండానే చనిపోయింది. ఈ బాధ ముందు ఏ చిత్రకారుడైనా తలవంచవలసిందే.

అయితే ఈ దాడులు ఎలా జరుగుతాయన్నది చూస్తే, నా వాదన ఇక్కడే గట్టిపడుతుంది. ఎలుగు మనిషిని వేటాడి తినే జంతువు కాదు. తల పుట్టలో పెట్టి, తన జుర్రుడు చప్పుడు తన చెవులకే హోరెత్తుతుండగా, గాలి ఎదురుగా లేక వాసన తెలియక, మనిషి పదడుగుల దూరానికి వచ్చేదాకా అది గమనించదు. గమనించాక పారిపోవడానికి చోటు లేదనిపిస్తే మీద పడుతుంది. పిల్లల తల్లి అయితే మరీను. పులులున్న అడవిలో పెరిగిన జాతి కనుక ఎదురుతిరగడమే దానికి తెలిసిన రక్షణ. అంటే ఆ మనిషి చూసిన నిలువెత్తు ఎలుగుకి అరక్షణం ముందు అక్కడున్నది తల దించుకున్న ఎలుగే. ఆ అరక్షణం ముందరి బొమ్మ ఊళ్లో ఎవరి కళ్లలోనూ లేదు. పొదలో నల్లటి గుండ్రటి వీపు కనపడితే అది ఎలుగని గుర్తుపట్టేలా ఏ గోడమీదా ఎవరూ వెయ్యలేదు. భయంకరమైన బొమ్మ భయాన్నే నేర్పుతుంది, జాగ్రత్తని నేర్పదు. ఎందుకంటే బొమ్మలో ఉన్నట్టు ఎలుగు కనపడేసరికి జాగ్రత్తపడే సమయం అయిపోయి ఉంటుంది.

మరి ఎదురుపడకుండా ఎలా నేర్చుకోవాలి? కోహ్కాలోనో సుపేలాలోనో కూర్చుని రంగులు కలుపుకునేవాళ్లకి అడవి అంత దూరం కాదు. భిలాయ్ కొలిమికి ఇనుపరాయి వచ్చే దల్లీ-రాజహరా దాదాపు 90 కిలోమీటర్లు. ఆ కొండల్లోనూ, ఇంకా దక్షిణాన కాంకేర్ చుట్టూ ఉన్న గుట్టల్లోనూ ఎలుగులున్నాయి, కాంకేర్ వీధుల్లోకే వచ్చిపోతుంటాయి. పట్టపగలు, ఊరివాళ్లని తోడు తీసుకుని, వాళ్లు వెళ్లొద్దన్నచోటికి వెళ్లకుండా, జంతువుని కాక దాని జాడల్ని చూడాలి. ఎండిన పుట్టమీద గోళ్లు దిగిన గాట్లు నాలుగైదు వరసలుగా ఎలా జారాయో, బొరియ నోటి దగ్గర ఊదిన మట్టి ఎలా విసనకర్రలా పరుచుకుందో, తేనెపట్టు కోసం ఎక్కిన చెట్టు బెరడు ఎలా చీలిందో గీసుకోవాలి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాత్రి రాలుతుంది, తెల్లవారుజామున మనుషులూ ఎలుగులూ ఒకే చెట్టు కిందికి వస్తారు. ఆ వెంటనే తునికాకు కోత, తునికిపళ్లు, తర్వాత నేరేడు, చలికాలం రేగు. ఈ వరస తెలిసినవాడికి ఏ నెలలో ఎలుగు తల ఎటు వంగుతుందో చూడకుండానే తెలుస్తుంది. ఇవన్నీ తెలిసినవాళ్లు ఆ ఊళ్లలోనే ఉన్నారు. అడవిలో మన కళ్లకన్నా వాళ్ల మాటే నమ్మదగిన ఆధారం.

నలుపు రంగు గురించి ఒక మాట. ఎలుగు నల్లగా ఉంటుందని సీసాలోంచి నలుపు తీసి పూసేస్తే అది బొమ్మలో గొయ్యిలా కనపడుతుంది. సాల్ అడవిలో ఆకుల మధ్యనుంచి దిగే వెలుగు దాని వీపుమీద నీలంగా మెరుస్తుంది. కడుపు కింద, మోకాళ్ల దగ్గర వెంట్రుకల కొసలు ఎండకి వెలిసి ఎర్రటి గోధుమరంగుకి తిరుగుతాయి. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ అంబర్ కలుపుకుని, వీపువైపు నీలం, కిందివైపు అంబర్ పెంచుకుంటూ పోతే ఆ నలుపు ఊపిరి తీసుకుంటుంది. మూతి బూడిదరంగు, దానిమీద పుట్టమన్ను ఎరుపు. ఈ నేలలో ఆ ఎరుపు ఇనుముదే. రాయ్‌గఢ్ దగ్గర సింఘన్‌పూర్, కబ్రా పహాడ్ గుహల్లో ఆదిమానవులు జంతువుల బొమ్మలు వేసిన ఎర్రరంగూ అలాంటి ఇనుపమన్నే. కొనుక్కున్న ట్యూబు బదులు రాజహరా ఎర్రమన్ను నూరి జిగురులో కలిపి ఎలుగు మూతికీ గోళ్లకీ వాడే చిత్రకారుడు ఎవరైనా ఉంటే చూడాలని ఉంది.

ముఖం కనపడని ఎలుగుని ఎవరు కొంటారు అన్నది చివరి ప్రశ్న. వన్యప్రాణి చిత్రాల బజారులో కళ్లకే వెల, నిజం. భిలాయ్ సివిక్ సెంటర్‌లోని నెహ్రూ ఆర్ట్ గ్యాలరీ గోడమీద నల్లటి వీపు ఒకటి వేలాడితే ఎంతమంది ఆగి చూస్తారో చెప్పలేను. కనుక ఆ బొమ్మని అక్కడ మొదలుపెట్టనక్కర్లేదు. ఇప్పపువ్వు కాలానికి ముందు, ఫిబ్రవరిలో, దల్లీ-రాజహరా బస్టాండు గోడమీదా, మర్వాహీలోనూ కాంకేర్‌లోనూ సంత జరిగేచోటా, మన ఉద్దానంలో జీడిపిక్కల కళ్లాల దగ్గరా నిలువెత్తున వెయ్యాలి. తవ్విన పుట్ట, దాంట్లోకి దూరిన మూతి, పొదలోంచి సగమే కనిపించే వీపు, దానిమీద జూలు పట్టుకుని కూర్చున్న రెండు కూనలు. పక్కన, బుట్టలు పట్టుకుని గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ నడుస్తున్న మనుషులు. అటవీశాఖ దగ్గర రంగు డబ్బాలకి డబ్బుంటుంది, ఈ ఊళ్లలో గోడలకి కొదవ లేదు, బొమ్మలు వేసే కుర్రాళ్లు కోహ్కాలో చాలామందే ఉన్నారు.